లూకస్‌లో మూడేళ్లు

అమెరికాలో మొదట ఏ ఊళ్లో ఉన్నారని ఎవరైనా అడిగితే లూకస్ అంటాను. అదెక్కడ అనే ప్రశ్న వెంటనే వస్తుంది. కాన్సస్ రాష్ట్రం మధ్యలో, రసెల్ కౌంటీకి ఈశాన్యపు మూలన ఉంటుంది. 2010 జనాభా లెక్కల్లో ఊరి జనం 393. మేము వెళ్లింది ఆ తర్వాతి ఏడు. మాతో కలిపి 395 అని మా ఆయన హుషారుగా అంటే, పక్కింటి పెద్దమ్మ వేళ్లు మడిచి లెక్క సరిచేసింది. చలికాలంలో నలుగురు పోయారట, ఇద్దరు పుట్టారట. మీరు వచ్చారు కాబట్టి మళ్లీ 393 అయ్యాం, అంది. ఆవిడ పేరు రాయను. నేను మనసులో పెద్దమ్మ అనే అనుకునేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను.

మా ఆయన డాక్టరు. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన విదేశీ డాక్టర్లు చదువు అయ్యాక రెండేళ్లు సొంత దేశం వెళ్లిపోవాలి. వెళ్లకుండా ఉండాలంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. 1994లో వచ్చిన ఈ పద్ధతిని కాన్‌రాడ్ వేవర్ అంటారు. ఒక్కో రాష్ట్రానికి ఏటా ముప్ఫై మంది. మన తెలుగు డాక్టర్లు చాలామంది అమెరికా పల్లెలు చూసింది దీని పుణ్యానే. మేమూ అంతే. ఆస్పత్రి ఉన్న ఊళ్లో అద్దె ఇల్లు దొరకలేదు. అక్కడి నర్సు ఒకావిడ, లూకస్‌లో మా అత్తగారి ఇల్లు ఖాళీగా ఉంది, చూసుకోండి అంది. అరగంట డ్రైవు. అలా ఆ ఊరివాళ్లమయ్యాం.

నాది హెచ్-4, అంటే అక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. కొందరికైనా అనుమతి వచ్చింది 2015లో. జగిత్యాల దగ్గర జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి వచ్చినదాన్ని, పొద్దున ఆయన వెళ్లాక కిటికీ దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం దాకా రోడ్డు మీద కనిపించేది ఒక పికప్ ట్రక్కు, ఒక కుక్క. మొదటి రెండు వారాలు రోజూ అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. ఇండియన్ సరుకులు కావాలంటే విచిటా పోవాలి, రెండు గంటలు. కరివేపాకు సంగతి సరేసరి.

ఏడుపు మానిపించింది ఒక చావు భోజనం. వినడానికి ఎలా ఉన్నా జరిగింది అదే.

నెల తిరక్కుండానే ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దావిడ. పరిచయం లేదు, పలకరింపు లేదు. "మీ ఇంటిపేరు ఆర్‌తో మొదలవుతుంది కదా? అయితే నీది సలాడ్. శుక్రవారం పదిన్నరకల్లా చర్చి బేస్‌మెంట్‌కి తెచ్చెయ్." ఊళ్లో ఎవరు పోయినా అంత్యక్రియల తర్వాత బంధువులందరికీ చర్చి కింద హాల్లో భోజనం పెడతారు. వంటవాళ్లుండరు, కేటరింగ్ ఉండదు. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పంచేస్తారు. ఈ అక్షరం నుంచి ఆ అక్షరం దాకా కూర, ఆ తర్వాతివాళ్లు సలాడ్, చివరివాళ్లు కేకులు, పైలు. పోయినాయన ఎవరో నాకు తెలియదండీ అన్నాను. "తెలియకపోతేనేం, తినేవాళ్లకు సలాడ్ కావాలిగా" అని పెట్టేసింది.

నిమ్మకాయ పులిహోర చేసి తీసుకెళ్లాను. నాకు చేతనైన చల్లటి పదార్థం అదొక్కటే. సలాడ్ల బల్ల మీద చూస్తే క్యారెట్ తురుము వేసి గడ్డకట్టించిన ఆకుపచ్చ జెల్లో ఒకటి, మయొనైజ్‌లో ముంచిన మకరోనీ ఒకటి, చిన్న చిన్న మార్ష్‌మాలోలు కలిపిన పైనాపిల్ ముక్కలు ఒకటి. వాటి మధ్య నా పులిహోరను ఎవరూ వింతగా చూడలేదు. వింతేదైనా ఉంటే నన్నే చూశారు. పచ్చిమిరపకాయలు ఏరిపారేసి రెండోసారి వడ్డించుకున్న ఒక ట్రాక్టరాయన నాకిప్పటికీ గుర్తు. అక్కడ వడ్డించే ఆడవాళ్లలో ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లు. నాకప్పుడు ముప్ఫై. పది నిమిషాలు కూడా కూర్చోనివ్వలేదు. ఐస్ టీ జగ్గులు రెండు చేతికిచ్చి బల్లల మధ్య తిరగమన్నారు. చక్కెర వేసింది కుడిచేతిలో, వేయనిది ఎడమచేతిలో, కలిపేశావో గొడవైపోతుంది. ఆ రోజునుంచి ఆ మూడేళ్లూ ఊళ్లో ఏ విందు జరిగినా ఐస్ టీ పని నాదే. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ ఒప్పుకోలేదు. నాదని తేలిపోయింది, అంతే.

ఆ నేల గురించి చెప్పాలి. చెట్టన్నది వాగుల వెంటే. మిగతాదంతా గడ్డి, గోధుమ, ఆకాశం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడికి వచ్చి భూములు పట్టా చేసుకున్నవాళ్లకు కంచె వేసుకోవడానికి కర్ర దొరకలేదు. నేలకు కాస్త కిందనే అడుగులోపు మందంతో సున్నపురాయి పొర ఉంది. తవ్వగానే మెత్తగా ఉంటుంది, గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది. వరసగా రంధ్రాలు వేసి, వాటిలో ఇనుప చీలలు బిగించి, ఒక్కోటీ కొట్టుకుంటూ పోతే రాయి నిలువునా విచ్చుకుంటుంది. అలా కొట్టిన రాతి కడీలే ఆ ప్రాంతమంతా కంచెలకు నిలబెట్టారు. ఒక్కో కడీ వంద కిలోల నుంచి రెండొందల దాకా బరువుంటుంది. పోస్ట్ రాక్ అంటారు. విల్సన్ నుంచి లూకస్ వచ్చే పద్దెనిమిది మైళ్ల రోడ్డుకు కూడా ఆ పేరే పెట్టారు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ రాళ్లు లేత పసుపులో ఉంటాయి. మధ్యలో తుప్పురంగు చార ఒకటి.

ఆ రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి లేపుతాడు. చెయ్యి ఊపడం కాదు, వేలొక్కటే. మొదట్లో మా ఆయన ఏదో హెచ్చరిక అనుకుని బండి పక్కకు ఆపేవాడు.

ఊళ్లోకి రాగానే బయటివాళ్లు మొదట వెతికేది ఈడెన్ తోట. ఎస్.పి. డిన్స్‌మూర్ అనే ఆయన 1907లో, అరవై నాలుగేళ్ల వయసులో, కట్టడం మొదలుపెట్టాడు. అంతర్యుద్ధంలో పోరాడినవాడు, బడిపంతులు, రైతు. సున్నపురాతిని దుంగల్లా కోసి వాటితో ఇల్లు కట్టాడు. ఇంటి చుట్టూ నూరు టన్నులకు పైగా సిమెంటుతో ఆదాము, అవ్వ, కయీను, హేబెలు, పాములు, జెండాలు, నలభై అడుగుల చెట్లు పోశాడు. ఎనభై దాటాక ఇరవై ఏళ్ల అమ్మాయిని పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నాడు. 1932లో పోయాక, తాను ముందే కట్టించుకున్న సమాధి గదిలో, గాజు మూత ఉన్న పెట్టెలో ఉన్నాడు. టికెట్ కొన్నవాళ్లకు ఇప్పటికీ దర్శనం. నేను ఒక్కసారి చూశాను, చాలు. ఆ బొమ్మల్లో ఒక మూలన శ్రామికుణ్ణి శిలువ వేస్తున్న దృశ్యం ఉంది. వేస్తున్నవాళ్లు నలుగురు: బ్యాంకరు, లాయరు, పాస్టరు, డాక్టరు. మా ఆయన్ని మొదటిసారి తీసుకెళ్లింది పెద్దమ్మ. వేలు పెట్టి మరీ చూపించింది. మీ బిల్లులు కూడా అలాగే ఉంటాయా అని అడిగింది. ఆయనకు నవ్వాలో వద్దో తెలియలేదు.

మేమున్న రోజుల్లోనే ఆ తోటకు మరమ్మతులు జరిగాయి. విస్కాన్సిన్ నుంచి కోలర్ ఫౌండేషన్ వాళ్లు వచ్చి, కొని, నాచు పట్టి నల్లబడిన బొమ్మల్ని కడిగించారు. కమోడ్లు, కుళాయిలు చేసే కోలర్ల కుటుంబం పేరిట ఉన్న ఫౌండేషనే. కాకతాళీయమో ఏమో, సరిగ్గా అప్పుడే ఊరివాళ్లు ఒక మరుగుదొడ్డి కట్టుకుంటున్నారు.

ఇది జోక్ కాదు. తోట చూడటానికి, ఊళ్లో ఉన్న జానపద కళల కేంద్రం చూడటానికి మనుషులు వస్తారు. వచ్చినవాళ్లకు పబ్లిక్ టాయిలెట్ లేదు. ఎలాగూ కడుతున్నాం కదా, చూడదగ్గట్టు కడదామనుకున్నారు. మెయిన్ స్ట్రీట్‌లో పెద్ద కమోడ్ ఆకారంలోనే కట్టారు, లేపిన మూతతో సహా. లోపలా బయటా గోడలకు మొజాయిక్. పగిలిన పింగాణీ పళ్లాలు, గాజుముక్కలు, పిల్లల ఆటబొమ్మలు, ఎవరింట్లో ఏది ఉంటే అది. నెలల తరబడి రోజూ ఎవరో ఒకరు అక్కడ కూర్చుని ముక్కలు అతికిస్తూ కనిపించేవారు. నేనూ వెళ్లేదాన్ని. ఇంటినుంచి సూట్‌కేసులో వస్తూ వస్తూ విరిగిపోయిన గాజులు ఒక డబ్బాలో దాచి ఉంచాను, ఎందుకో పారేయబుద్ధి కాలేదు. ఎర్రవీ ఆకుపచ్చవీ. సిమెంటు ఆరకముందే ఒక్కో ముక్కా బొటనవేలితో నొక్కాలి. వంపు ఉంటుంది కాబట్టి రెండు కొసలూ లోపలికి దిగాలి, లేకపోతే ఎవరి చెయ్యో కోసుకుంటుంది. పక్కన కూర్చున్నావిడ తన అత్తగారి పెళ్లినాటి టీ కప్పును సుత్తితో పగలగొడుతోంది. అయ్యో అన్నాను. "ఆవిడ బతికున్నన్నాళ్లూ నన్ను ముట్టుకోనివ్వలేదు" అని ఇంకో దెబ్బ వేసింది. 2012 వేసవిలో ఆర్భాటంగా ప్రారంభించారు. పేరు బౌల్ ప్లాజా.

ఆ వేసవికే ఊరినుంచి మా నాన్న వచ్చాడు. నేను బాపు అంటాను. టాయిలెట్ ముందు నిలబడి చాలాసేపు చూశాడు. మా ఊళ్లో వార్డు మెంబరుగా ఉన్నప్పుడు నిర్మల్ గ్రామ పురస్కారం కోసం ఇంటింటికీ తిరిగి దొడ్లు కట్టుకోండని బతిమాలిన మనిషి. "మనోళ్లకు గిది సూపెట్టాలె బిడ్డా" అన్నాడు. ఫొటో తీయించుకున్నాడు.

బాపు వచ్చేసరికి గోధుమ కోతలు నడుస్తున్నాయి. మామూలుగా జూన్ రెండోసగంలో వచ్చేవి. ఆ ఏడు ఎండాకాలం తొందరగా ముదిరి వారాల ముందే వచ్చేశాయి. టెక్సాస్ నుంచి కోసుకుంటూ ఉత్తరానికి పోయే కిరాయి కోతవాళ్లు తమ కంబైన్లతో దిగారు. పగలు నలభై డిగ్రీల దగ్గర ఎండ. రాత్రి మంచు పడి గడ్డి మెత్తబడేదాకా యంత్రాలు ఆగవు. ఊళ్లో మాటలన్నీ ఒకటే, ఎకరాకు ఎన్ని బుషెళ్లు. అక్కడి ధాన్యం కొలత అది. ఆకాశంలో చిన్న మబ్బు కనిపిస్తే అందరికీ టెన్షన్. వడగళ్లు పడితే ఏడాది కష్టం పదినిమిషాల్లో పోతుంది.

పెద్దమ్మ మరిది బాపును రైతుల ధాన్యం తూచి, కొని నిల్వచేసే చోటికి తీసుకెళ్లాడు. ఎలివేటర్ అంటారు దాన్ని. నేనూ వెళ్లాను, దుబాసీగా. ట్రక్కులు వరసగా నిలబడి ఉన్నాయి. కాంటా మీదికి రాగానే పైనుంచి ఒక గొట్టం దిగి లోడు మధ్యలో గుచ్చి శాంపిల్ పీలుస్తుంది. తేమ పదమూడున్నర శాతం దాటితే ధర కోత. బుషెలుకు అరవై పౌండ్లు తూగాలి, తగ్గితే మళ్లీ కోత. ఇవన్నీ నేను విడమరిచి చెప్పబోతుంటే బాపు వినడంలేదు. గుప్పెడు గోధుమలు తీసుకుని అరచేతిలో నలిపి, ఊక ఊది, ఒక గింజ పళ్లమధ్య పెట్టి కొరికాడు. టక్కుమంది. "పన్నెండుంటది" అన్నాడు. పెద్దాయన తనూ ఒకటి కొరికి తలాడించాడు. మీటరులో పన్నెండు పాయింట్ ఎంతో వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ తర్వాత నా అవసరం వాళ్లకు పడలేదు. మధ్యాహ్నమంతా ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఎలివేటర్ కుర్రాడు బాపుకు కంపెనీ టోపీ ఒకటి ఇచ్చాడు. జగిత్యాల సంతలో కూడా దాన్నే పెట్టుకు తిరిగేవాడని అమ్మ విసుక్కునేది.

తిండి విషయంలో మాత్రం మొదట్లో ఇబ్బందే. మేము గొడ్డుమాంసం తినం. మనుషులకంటే పశువులు ఎక్కువున్న రాష్ట్రం అది. ఊళ్లో బ్రాంట్ అనే చెక్ కుటుంబం 1922లో పెట్టిన మాంసం కొట్టు ఉంది, పొగబెట్టిన బలోనీ అనే మాంసపు సాసేజ్‌కి ప్రసిద్ధి. పొగబెట్టే రోజు ఆ వాసన వీధంతా తెలుస్తుంది. విందుల్లో నేను ఏది ముట్టుకోబోయినా ముందే ఎవరో ఒకరు "అందులో బీఫ్ ఉంది హనీ" అని చెప్పేవారు. క్యాబేజీ, మాంసం కూరి కాల్చే బియరాక్ అనే బన్నులు ఆ ప్రాంతపు జర్మన్ల వంట. నాకోసం మాంసం బదులు ఉల్లిపాయ కూరి, గుర్తుకని పైన కత్తితో గాటు పెట్టి ఇచ్చేది ఒకావిడ. బడి వాళ్లు చందాల కోసం పెట్టే భోజనాల్లో కారం కారంగా ఉండే బీన్స్ చిల్లీ పక్కన దాల్చినచెక్క రోలు తప్పనిసరి. తీపి కారం కలిపి తినడం ఏంటని నవ్వుకున్నాను కానీ, ఇప్పుడు చలికాలం వస్తే మా పిల్లకు నేను చేసిపెట్టేది అదే.

బడి సంగతి వస్తే ఊళ్లో అందరి గొంతూ కాస్త మారేది. మేము వెళ్లేసరికే పిల్లలు చాలక లూకస్ బడి పక్కనున్న సిల్వన్ గ్రోవ్ బడితో కలిసిపోయింది. ఒకప్పుడు ఒకరితో ఒకరు ఆడి తిట్టుకున్న జట్లు ఇప్పుడు ఒకే జెర్సీలో. పదకొండు మంది దొరకరు కాబట్టి ఫుట్‌బాల్ ఎనిమిదేసి మందితో ఆడతారు. శుక్రవారం రాత్రి ఆట ఉంటే ఇళ్లలో దీపాలుండవు. నాకు ఆట అర్థమయ్యేది కాదు. దుప్పటి కప్పుకుని పాప్‌కార్న్ అమ్మేదాన్ని. ఎవరి మనవడు బంతి పట్టుకుని పరిగెత్తుతున్నాడో మాత్రం చెప్పగలిగేదాన్ని, ఎందుకంటే అంతమంది పేర్లూ నాకు తెలుసు.

పేర్లు తెలియడంలో ఉన్న ఇబ్బందీ అక్కడే తెలిసింది. వాళ్లకూ మన సంగతులన్నీ తెలుస్తాయి. మా ఆయన ఏ రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరాడో పొద్దున పోస్టాఫీసులో నాకంటే ముందు వాళ్లకు తెలుసు. పిల్లలెప్పుడు అని అడిగేవాళ్లు అడిగేవాళ్లే. ఆ విషయంలో అమెరికా అని ప్రత్యేకం ఏమీ లేదు. ప్రతి ఆదివారం చర్చికి రమ్మని పట్టువిడవకుండా పిలిచే ఒకాయనను తప్పించుకోవడానికి చుట్టుతిరిగి వెళ్లిన రోజులున్నాయి. మాతో ఒక్క మాటా మాట్లాడనివాళ్లూ ఉన్నారు. అందులో ఒకాయన 2013 ఫిబ్రవరి మంచు తుఫాను నాడు తెల్లవారక ముందే తన ట్రాక్టరుతో మా వాకిట్లో మంచంతా నెట్టేసి, మా ఆయన కారు ముందు హైవే దాకా దారి చేసుకుంటూ వెళ్లాడు. థాంక్స్ చెప్పబోతే చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత కూడా మాట్లాడింది లేదు. రోడ్డు మీద ఎదురైతే వేలు మాత్రం లేపేవాడు.

2014లో మూడేళ్లూ నిండాయి. పాప పుట్టబోతోంది. పెద్ద ఊరు కావాలి, బడులు కావాలి, అమ్మ వస్తే మాట్లాడటానికి తెలుగు మనిషి కావాలి. అందరూ వెళ్లినట్టే మేమూ వెళ్లాం. ఎవరూ ఆశ్చర్యపోలేదు. డాక్టర్లు మూడేళ్లకు వెళ్లిపోతారని వాళ్లకు తెలుసు. కొందరు రోగులు మా ఆయన్ని మొదటి రోజే, నీ గడువు ఎప్పటిదాకా అని అడిగారు. ఇదొక్కటే నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ పద్ధతి వల్ల ఆ పల్లెకు డాక్టరు దొరుకుతాడు కానీ, ఏ డాక్టరూ వాళ్ల ముసలితనం దాకా ఉండడు. 2020 లెక్కల్లో ఊరి జనం 332కి వచ్చింది.

ఇప్పుడు డాలస్ శివార్లలో మా కాలనీలో నలభై తెలుగు కుటుంబాలున్నాయి. బతుకమ్మకు, సంక్రాంతికి హాలు బుక్ చేస్తాం, భోజనాలు కేటరింగ్‌కి చెప్తాం. జరిగిపోతుంది, అన్నీ సమయానికి వస్తాయి. ఎవరైనా రాకపోతే వాట్సాప్‌లో తెలుస్తుంది, లేదా తెలియదు.

పెద్దమ్మ ఫోన్ చేస్తుంటుంది. హలో తర్వాత మొదటి మాట వానే. అక్కడ వానను అంగుళంలో వందో వంతులతో చెప్తారు. "నలభై వందోవంతులు పడింది, పడమటి పొలంలో అది కూడా లేదు." తర్వాత ఎవరు పోయారు, ఎవరి మోకాలికి ఆపరేషన్ అయింది, సూప్ భోజనాలకు ఎంత వసూలైంది. మొన్న మాట్లాడినప్పుడు మెమోరియల్ డేకి జరిగే పాత విద్యార్థుల విందు సంగతి ఎత్తింది. ఈసారి వడ్డనకు మనుషులు చాలడం లేదట. నేను ఆ బడిలో చదవలేదు కదా, నన్నెలా పిలుస్తారు అన్నాను.

"పిలవడం లేదు. ఐస్ టీ ఎవరు పోస్తారని అడుగుతున్నాను. జాబితాలో నీ పేరు రాసేశాను, శనివారం నాలుగింటికల్లా రా."

సెలవు దొరుకుతుందో లేదో ఆయన్ని కనుక్కోవాలి.